ఫిరంగి గుర్రాలు తోలినవాడు

గుర్రపు ఫిరంగిదళంలో డ్రైవరుకు కుడికాలికి ఒక తొడుగు ఉండేది. తోలు మీద ఇనపరేకు బిగించి చేసేవారు. ఎడమకాలికి అక్కర్లేదు. ఫిరంగిబండిని లాగే గుర్రాలను జంటలు జంటలుగా కడతారు. డ్రైవరు తన జంటలో ఎడమవైపు గుర్రం మీద కూర్చుని, కుడివైపు దాన్ని పగ్గం పట్టి పక్కనే దౌడు తీయిస్తాడు. ఆ దౌడులో అతని కుడికాలు పక్క గుర్రం డొక్కకీ బండి నొగకీ మధ్య పడుతుంది. గుంటలో చక్రం పడి నొగ ఒక్కసారి పక్కకు విసిరిందంటే ఎముక పిండే. అందుకే ఆ రేకు.

పోయిన వారం 1815 నాటి ధాన్యం చట్టం దగ్గర ఆగాం. యుద్ధం అయిపోయింది, రొట్టె ధర దిగలేదు, కూలి రేటు మాత్రం దిగింది అన్నాం. ఈ వారం ఆ లెక్కల్లోకి ఒక మనిషిని తీసుకొస్తాను. పేరు జాన్ లీస్. పైన చెప్పిన ఇనపరేకు తొడుక్కుని వాటర్లూలో గుర్రాలు తోలినవాడు, తరువాత నూలు మిల్లులో పనిచేసినవాడు. యుద్ధంలో చావలేదు. తన ఊరికి 11 కిలోమీటర్ల దూరంలో, తన దేశపు రౌతు కత్తివేటుకి, 22 ఏళ్ళ వయసులో పోయాడు.

ఊరు ఓల్డమ్. మాంచెస్టరుకు ఈశాన్యంగా కొండవాలు మీద ఉంటుంది. తండ్రి రాబర్ట్ లీస్‌కి అక్కడ నూలు మిల్లు ఉండేది. మిల్లు అనగానే ఆకాశాన్నంటే పొగగొట్టాలను ఊహించుకోవద్దు. ఆ కాలపు ఓల్డమ్‌లో చిన్న చిన్న యజమానులే ఎక్కువ. కొడుకులూ కూతుళ్ళూ అదే మిల్లులో పనిచేసేవారు. మొదటితరం మిల్లుల్లో కొన్నింటికి ఆవిరియంత్రమూ లేదు, పక్కన వాగూ లేదు. గుర్రాన్ని గానుగెద్దులా చుట్టూ తిప్పి, ఆ తిప్పుడుతోనే దూది ఏకే యంత్రాలను నడిపించేవారు. అలాంటి ఊళ్ళో పుట్టిన కుర్రవాడు మీసాలైనా రాకముందే ఇల్లు విడిచి రాయల్ హార్స్ ఆర్టిలరీలో చేరాడు.

ఈ దళం గురించి ఒక ముక్క చెప్పాలి. మామూలు ఫిరంగిదళంలో ఫిరంగులు గుర్రాలతో వెళితే మనుషులు నడిచి వెళ్ళేవారు. హార్స్ ఆర్టిలరీలో అందరికీ గుర్రమో బండిమీద చోటో ఉండేది. అశ్వికదళం ఎంత వేగంగా కదిలితే ఫిరంగులూ అంత వేగంగా కదలాలి. మెర్సర్ అనే అధికారి నడిపిన ట్రూప్‌లో రెండువందల పైచిలుకు గుర్రాలుండేవి. కనుక ఈ దళంలో సగం పని యుద్ధం, సగం పని పశుపోషణ. డ్రైవరు లేవగానే చూసుకోవాల్సింది తన కడుపు కాదు, తన రెండు గుర్రాల కడుపు. ఓట్లూ ఎండుగడ్డీ వేయాలి, నీళ్ళు పెట్టాలి, ఒళ్ళు రుద్ది మాలీసు చేయాలి, డెక్కలు ఎత్తి లాడం వదులైందేమో చూడాలి, జీను కింద చర్మం ఒరుసుకుపోయిందేమో తడిమి చూడాలి. వీపు పుండుపడిన గుర్రం బండికి పనికిరాదు. బండి ఆగితే ఫిరంగి ఆగుతుంది. దీన్ని గుర్రాల మీద ప్రేమ అనండి, బతుకుతెరువు అనండి; రెండేళ్ళు మూడేళ్ళు అలా గడిపిన కుర్రవాడికి గుర్రం చెవులు వెనక్కి పెడితే ఏమిటో, ముందుకాళ్ళు ఎత్తబోతుంటే ఏమిటో, ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కథకు ఇదే ఇరుసు.

1815 జూన్ 18, వాటర్లూ. లీస్ పనిచేస్తున్న మేజర్ రాబర్ట్ బుల్ ట్రూప్‌కి ఆ రోజు పొట్టి ఫిరంగులు, అంటే హౌవిట్జర్లు, ఆరు ఇచ్చారు. వాటి గుండు నేరుగా పోదు, పైకెగిరి ఎదురుగా ఉన్నదాన్ని దాటి అవతల పడుతుంది. బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ సైన్యానికి కుడివైపున ఊగూమోన్ అనే పెద్ద రైతుల లోగిలి ఉంది. గోడలూ తోటా తనవాళ్ళ చేతిలో, పక్క చిట్టడవిలోకి చొరబడినవాళ్ళు ఫ్రెంచివాళ్ళు. తనవాళ్ళ తలల మీదుగా గుండ్లు వేసి అడవిని ఖాళీ చేయించాలి. ఫ్యూజు చిన్నదైతే గుండు సొంతవాళ్ళ నెత్తిన పేలుతుంది. వెల్లింగ్టన్ స్వయంగా వచ్చి, ఇది చాలా సున్నితమైన పని సుమా అని హెచ్చరించి మరీ అప్పగించాడు. బుల్ మనుషులు చేసి చూపించారు. వెనక మందుగుండు బండ్లు తెచ్చిచ్చే పని లీస్ లాంటి డ్రైవర్లది. గుండ్ల వర్షంలో వాళ్ళు ఎక్కడా దాక్కోలేరు, ఎందుకంటే గుర్రం దాక్కోదు. మెర్సర్ రాసుకున్న ప్రకారం అతని ట్రూప్ ఆ ఒక్కరోజు పోగొట్టుకున్న గుర్రాలు, గాయపడినవీ కలుపుకుని, నూట నలభై.

అదే మూలలో ఆ రోజు ఇంకెవరున్నారో చూద్దాం. ఊగూమోన్‌ను కాపాడిన గార్డుల బ్రిగేడుకి అధిపతి మేజర్ జనరల్ సర్ జాన్ బింగ్. దాని వెనక నిలబడిన అశ్వికదళంలో 15వ హస్సార్లు ఉన్నారు. బింగ్, హస్సార్లు, బుల్ ట్రూప్ తాలూకు ఓల్డమ్ కుర్రవాడు: ముగ్గురికీ యుద్ధభూమిలో ఒకే చెక్క. నాలుగేళ్ళ తరువాత ఇవే మూడు పేర్లు మాంచెస్టరులో మళ్ళీ కలుస్తాయి, వేరే వరుసలో.

వెల్లింగ్టన్ మన దక్కనుకి కొత్తవాడు కాదు. 1799లో టిప్పు మీదకు కదిలిన దండులో నిజాం దళానికి తోడుగా వెళ్ళింది ఈయనే, అప్పటికి కర్నల్ ఆర్థర్ వెల్లెస్లీ. 1803లో అస్సాయే గెలిచిందీ ఈయనే. ఆయన గుర్రం కోపెన్‌హాగన్ వాటర్లూ తరువాత ఆయన ఎస్టేటులో హాయిగా పచ్చిక మేసి, 1836లో చచ్చిపోతే సైనిక లాంఛనాలతో పాతిపెట్టారు. సమాధిరాయి ఇప్పటికీ ఉంది. వాటర్లూలో పోరాడిన వాళ్ళందరికీ, సాదా సిపాయితో సహా, వెండి పతకం ఇచ్చారు. బ్రిటిష్ సైన్యంలో హోదా చూడకుండా అందరికీ ఒకే పతకం ఇవ్వడం అదే మొదలు. అంచు మీద ఎవరి పేరు వాళ్ళకు చెక్కించారు కూడా. పతకం వరకు సమానత్వం బాగానే ఉంది.

ఇంటికి వచ్చాక జాన్ లీస్ తండ్రి మిల్లులో పనికి దిగాడు. ఆ పని ఎలాంటిదంటే, పోగు పొడిబారి తెగకుండా ఉండాలని గది వేడిగా, తేమగా ఉంచుతారు, కిటికీ తీయరు. గాలి నిండా దూది నుసి. తెగిన పోగును నడుస్తున్న యంత్రం దగ్గరే, ఆపకుండా, వేళ్ళతో నులిమి అతకాలి. అందుకు చిన్న వేళ్ళు బాగుంటాయని పిల్లల్ని పెట్టేవారు. తొమ్మిదేళ్ళలోపు పిల్లల్ని నూలు మిల్లుల్లో పెట్టరాదని, పదహారేళ్ళలోపు వాళ్ళచేత రోజుకు 12 గంటలకు మించి చేయించరాదని పార్లమెంటు చట్టం చేసింది మన కథ జరిగే 1819లోనే. దాన్ని అమలు చేయడానికి ఒక్క ఇన్‌స్పెక్టరునూ వేయలేదు కనుక ఎవరూ కంగారుపడలేదు.

చేనేతవాళ్ళ గతి ఇంకా అన్యాయం. 1803లో వారానికి 15 షిల్లింగులు సంపాదించిన లాంకషైరు నేతగాడికి 1818 వచ్చేసరికి 5 షిల్లింగులు ముట్టడం గగనమైంది. అక్కడి మరమగ్గం, కదురు యంత్రం ముందు ఆ ఊరి సాలెవాడి కడుపు కొట్టాయి, తరువాత మన వంతు వచ్చింది. 1813లో ఈస్టిండియా కంపెనీకి మన దేశంతో వ్యాపారం మీదున్న గుత్తాధిపత్యం తీసేశాక లాంకషైరు బట్టకు తలుపులు తెరుచుకున్నాయి. ఒకనాడు సీమకు బట్ట పంపిన ఉత్తర సర్కారుల రేవుల్లోనే సీమబట్ట దిగడం మొదలైంది. అది వేరే భాగంలో వివరంగా.

ఇంత జనం, ఇంత నూలు ఉన్న మాంచెస్టరుకు పార్లమెంటులో ఒక్క ప్రతినిధి లేడు. ఓల్డ్ సారమ్ అనే పాడుబడ్డ దిబ్బకు మాత్రం ఇద్దరున్నారు. అక్కడ కాపురముంటున్న ఓటరు ఒక్కడూ లేడు. ధాన్యం చట్టం ఎత్తేయాలంటే చట్టం చేసేచోట మనవాడు ఉండాలి కదా అన్న మాట మిల్లుల్లోకీ మగ్గం గుంతల్లోకీ పాకింది. 1819 ఆగస్టు 9న సెయింట్ పీటర్స్ ఫీల్డ్‌లో పెద్ద సభ పెట్టాలనుకున్నారు, వక్త హెన్రీ హంట్. ప్రతినిధిని మేమే ఎన్నుకుంటామనడం చట్టవిరుద్ధమని మేజిస్ట్రేట్లు అడ్డం కొడితే, ఆ మాట తీసేసి ఆగస్టు 16కి మార్చారు.

ఈ వాయిదా వల్ల ఒక పెద్దమనిషికి ఇబ్బంది వచ్చింది. ఉత్తర జిల్లాల సైన్యాధిపతి ఇప్పుడు మన ఊగూమోన్ వీరుడు జాన్ బింగ్. 9వ తేదీకి ఆయన మాంచెస్టరు రావడానికి సిద్ధమే. 16న మాత్రం యార్క్‌లో గుర్రప్పందేలున్నాయి, ఆయన రెండు పందేల్లో గుర్రాలను దింపాడు. తన కింది అధికారి లెఫ్టినెంట్ కర్నల్ గై లెస్ట్రేంజ్ మీద నాకు పూర్తి నమ్మకముంది అని రాసి పందేలకు వెళ్ళాడు. బింగ్ అక్కడుండి ఉంటే ఏం జరిగేదో అని చరిత్రకారులు ఇప్పటికీ తర్జనభర్జన పడుతుంటారు. అంతకుముందు ఇలాంటి గుంపులతో ఆయన నెమ్మదిగానే వ్యవహరించాడు కనుక, తేడా ఉండేదనే నా అభిప్రాయం.

ఆ రోజు సోమవారం. సోమవారం మగ్గం ముట్టకపోవడం చేనేతవాళ్ళ పాత అలవాటు. మిల్లు గంటకు కట్టుబడ్డవాళ్ళకు ఆ వెసులుబాటు లేదు. అయినా ఓల్డమ్ నుంచి జనం కదిలారు. ముందు తెల్లపట్టు జెండా, తెల్లబట్టలు కట్టుకున్న ఆడవాళ్ళు, బ్యాండు, వరుస తప్పని నడక. ఎండాకాలపు ఎండ, ఆదివారపు బట్టలు. జాన్ లీస్ ఆ ఊరేగింపుతో నడిచి వెళ్ళి వేదికకు దగ్గరలో చోటు సంపాదించాడు. మైదానంలో 60,000 మంది పోగయ్యారని ఎక్కువమంది వేసిన లెక్క.

చుట్టుపక్కల వీధుల్లో సర్కారు మోహరించింది చూడండి: 15వ హస్సార్లు ఆరువందల మంది, చెషైర్ యోమన్రీ నాలుగువందల మంది, పదాతిదళం, నాలుగువందల మంది ప్రత్యేక కానిస్టేబుళ్ళు, మాంచెస్టర్-సాల్‌ఫర్డ్ యోమన్రీ నూట ఇరవై మంది, వీటితోపాటు రెండు ఫిరంగులతో రాయల్ హార్స్ ఆర్టిలరీ. లీస్ పనిచేసిన దళమే ఆ చివరిది. అవి పేల్చాల్సిన అవసరం రాలేదు.

అందరికంటే ముందు పిలుపు అందుకున్నది మాంచెస్టర్ యోమన్రీ. వీళ్ళు సైనికులు కారు. రెండేళ్ళ కిందట, 1817లో, ఊళ్ళో అలజడి చూసి భయపడి కొట్లవాళ్ళు, సారాదుకాణాలవాళ్ళు, చిన్న ఫ్యాక్టరీదారులు కూడి కట్టుకున్న స్వచ్ఛంద దళం. కెప్టెన్ హ్యూ హార్న్‌బీ బర్లీ స్వయంగా పెద్ద మిల్లు యజమాని. నీలం యూనిఫారాలు, సొంత గుర్రాలు. జూలైలోనే కత్తులు సానపట్టించి పెట్టుకున్నారు. వీళ్ళలో ఒకడు ఆలస్యమై గుంపును కలుసుకోవడానికి కూపర్ వీధిలో దౌడు తీస్తూ ఒక తల్లిని ఢీకొన్నాడు. ఆమె చేతిలోని రెండేళ్ళ పిల్లవాడు విలియం ఫిల్డెస్ కిందపడి పోయాడు. సభ దగ్గర ఒక్క కత్తీ లేవకముందే తొలి ప్రాణం పోయింది.

హంట్‌ను పట్టుకు రమ్మని మేజిస్ట్రేట్ల అధ్యక్షుడు విలియం హల్టన్ ఉత్తర్వు. అరెస్టుకు డిప్యూటీ కానిస్టేబుల్ జోసెఫ్ నాడిన్ వెళ్ళాలి, యోమన్రీ దారి చేయాలి. ఇప్పుడు వాళ్ళలో అరవైమంది రౌతులు మనిషికి మనిషి ఒరుసుకుని నిలబడ్డ జనంలోకి గుర్రాలను తోలారు. గుర్రం అంటే ఏమిటో తెలిసినవాడు ఆ పని చేయడు. మనుషుల గోడ మధ్య ఇరుక్కున్న గుర్రం ముందుకు పోలేదు, వెనక్కి తిరగలేదు. బెదిరి ముందుకాళ్ళు లేపుతుంది. యుద్ధపు గుర్రానికి నెలల తరబడి డప్పులూ జెండాలూ తుపాకీ మోతలూ అలవాటు చేస్తారు. వీళ్ళవి ఆదివారాలు షికారుకు తీసిన గుర్రాలు. అవి గింగిరాలు తిరుగుతుంటే పైనున్నవాళ్ళకు భయం పట్టుకుంది, భయంతో కత్తి లేచింది. వేదిక చేరాక హంట్‌ను పట్టుకున్నారు, జెండాలను నరికారు, జెండా మోసినవాళ్ళను నరికారు.

జనం యోమన్రీ మీద తిరగబడ్డారని హల్టన్‌కు కిటికీలోంచి కనిపించిందట. వెంటనే లెస్ట్రేంజ్‌కు ఆజ్ఞ, హస్సార్లు కదిలారు. చాలామంది ఛాతీల మీద వాటర్లూ పతకాలున్నాయి. వాళ్ళు ఎక్కువగా కత్తి బల్లపరుపు వైపుతో జనాన్ని తోశారని, ఆ దళపు అధికారే ఒకరు యోమన్రీని చూసి, జనానికి పారిపోయే దారి లేదు, ఆగండయ్యా అని అరిచాడని ఉంది. పదిహేను ఇరవై నిమిషాల్లో మైదానం ఖాళీ. మిగిలినవి చెప్పులు, టోపీలు, చినిగిన శాలువలు, పడిపోయిన మనుషులు. కనీసం 15 మంది పోయారు, 18 అని కూడా లెక్కలున్నాయి. గాయపడినట్టు నమోదైనవాళ్ళు 654 మంది. అందులో 168 మంది ఆడవాళ్ళు. వచ్చిన జనంలో ఆడవాళ్ళ పాలు అంత లేదు. అంటే ఏరి మరీ కొట్టారన్నమాట.

జాన్ లీస్ వేదిక దగ్గరే దొరికిపోయాడు. తల మీద పడబోయే దెబ్బకు కుడిచేయి అడ్డం పెట్టాడని చూసినవాడి సాక్ష్యం. మోచేయి దగ్గర లోతుగా తెగింది. కానిస్టేబుళ్ళ లాఠీలు వీపు మీద, భుజాల మీద. ఎలాగో ఇల్లు చేరాడు. గాయాన్ని ఊరంతా చూపించుకునే రోజులు కావవి. సభకు వెళ్ళాడని తెలిస్తే పని పోతుంది, పారిష్ ఇచ్చే సాయం ఆగుతుంది, అందుకే చాలామంది కట్లను చొక్కాల కింద దాచుకున్నారు. రోజురోజుకీ క్షీణించి సెప్టెంబర్ 7 మంగళవారం ప్రాణం విడిచాడు. మంచం మీద ఉండగా విలియం హారిసన్ అనే స్నేహితుడితో చెప్పిన మాట విచారణలో రికార్డయింది: వాటర్లూలో కూడా ఇంత ప్రమాదం ఎదురుకాలేదు, అక్కడ మనిషికి మనిషి పోరాడాడు, ఇక్కడ జరిగింది పచ్చి హత్య. ఈ పోలిక చేసే అర్హత ఆ మైదానంలో ఉన్న 60,000 మందిలో బహుశా చాలా కొద్దిమందికే ఉంది.

ఇంగ్లీషు చట్టంలో అనుమానాస్పద మరణానికి కరోనర్ జ్యూరీ ముందు విచారణ జరపాలి. హత్య అని జ్యూరీ తేలిస్తే యోమన్రీ బోనెక్కాలి; కనుక ఓల్డమ్‌లోని ఈ ఒక్క శవం చుట్టూ రెండు పక్షాలూ మోహరించాయి. సెప్టెంబర్ 8న ఓల్డమ్‌లో మొదలైంది. కుటుంబం తరఫున లండన్ నుంచి జేమ్స్ హార్మర్ అనే న్యాయవాది వచ్చాడు. తండ్రి వచ్చి చెప్పాడు, తోటి మిల్లు పనివాళ్ళు వచ్చి చెప్పారు. కరోనర్ థామస్ ఫెరాండ్ మాత్రం సాక్ష్యాలను పత్రికలు అచ్చువేయకూడదన్నాడు, వాయిదాలు వేశాడు, మాంచెస్టరుకు మార్చాడు. అక్టోబర్ 13న ఆపి డిసెంబర్ 1కి పెట్టాడు.

ఆ డిసెంబర్ 1 రానేలేదు. కింగ్స్ బెంచ్ కోర్టు ఈలోపే విచారణ మొత్తాన్నీ కొట్టేసింది. కారణం: కరోనరూ జ్యూరీ కలిసి ఒకేసారి శవాన్ని చూడాలన్నది చట్టం, వీళ్ళు విడివిడిగా చూశారు. తప్పు కరోనర్‌ది, నష్టం చచ్చినవాడిది. అన్ని వారాల సాక్ష్యమూ, కత్తి ఎత్తినవాళ్ళ ఆనవాళ్ళతో సహా, చట్టం దృష్టిలో లేనట్టే. 1820లో ఆ సాక్ష్యాలను పుస్తకంగా అచ్చువేయబట్టి మనకు జాన్ లీస్ గురించి ఈపాటి తెలిసింది. లేకపోతే పతకాల జాబితాలో ఒక పేరుగా మిగిలేవాడు.

మాంచెస్టర్ మేజిస్ట్రేట్లకు హోంమంత్రి లార్డ్ సిడ్మౌత్ ద్వారా రాజప్రతినిధి కృతజ్ఞతలు అందాయి. ఏడాది తిరక్కుండా సభలనూ పత్రికలనూ అణిచే ఆరు చట్టాలు వచ్చాయి. ఆ రోజు గాయపడిన థామస్ రెడ్‌ఫర్డ్ అనే పనివాడు 1822లో బర్లీ మీద దావా వేస్తే జ్యూరీ బర్లీ పక్షానే తీర్పిచ్చింది. ఈ ఘటనకు వాటర్లూ పేరును వెక్కిరిస్తూ పీటర్లూ అని పేరు పెట్టిన మాంచెస్టర్ అబ్జర్వర్ పత్రికాసంపాదకుడు జేమ్స్ రో జైలుకు పోయాడు. ఇక వేదిక మీద పట్టుబడ్డ హంట్ సంగతి. అతన్ని యార్క్ నగరానికే తీసుకెళ్ళి విచారించి రెండున్నరేళ్ళు వేశారు. ఆ విచారణా, ఇల్చెస్టర్ జైలులో కూర్చుని అతను జైలరు మీద నడిపిన పోరాటమూ వచ్చే వారం.